చుక్క పడితే చెయ్యాగదు

మేస్త్రికి ప్రపంచంలో ఏ చప్పుడైనా సమ్మతమే. పక్కింటివాళ్ళు గోడకు మేకులు కొట్టినా, కింద వీధిలో లారీ వెనక్కి వస్తూ గుక్కపట్టి ఏడ్చినా ఆయన గురక ఆయనది. కానీ ఏ మూలనో ఒక కుళాయి నుంచి టప్పుమని చుక్క పడిందా, ఇక ఆయన మనిషి కాడు. జీవితమంతా పైపులు వేసి, కుళాయిలు బిగించి బతికినవాడు. పని మానేసి కొడుకింట్లో కూర్చున్నా చొక్కా జేబులో రెండు వాషర్లు, ఒక తెల్లటి టేపు చుట్ట ఉండి తీరాల్సిందే. ఎవరింటికి పలకరింపుకు వెళ్ళినా చేతులు కడుక్కొస్తానని లేస్తాడు, కాసేపటికి మోచేతుల దాకా తడిసి తిరిగొస్తాడు. తమ కుళాయి కారడం మానేసిందని ఆ ఇంటివాళ్ళకు ఎప్పటికో గానీ తెలియదు. ఆయన్నడిగితే ఆయనకీ గుర్తుండదు. నేనేం ముట్టుకోలేదే అంటాడు. అది అబద్ధం కాదు. ఆ పని ఆయన చెయ్యడు, ఆయన చేతులు చేస్తాయి.

ఈ ఒక్క సంగతి మనసులో పెట్టుకుంటే తక్కిన కథంతా సులువు. సమయానికి ఇది ఆ ఇంట్లో ఎవరికీ గుర్తు రాకపోవడమే వచ్చిన చిక్కు.

మేస్త్రి గదిలో రెండో మంచం కాంపౌండరుది. ఈయన కోడలి తండ్రి, అంటే మేస్త్రికి సాక్షాత్తూ వియ్యంకుడు. ఆసుపత్రిలో మందులు కలిపి, కట్లు కట్టి, సెలైన్లు ఎక్కించి రిటైరైనవాడు. భార్య పోయింది, అద్దెకున్న ఇంటిని యజమాని అమ్మేసుకున్నాడు. నాలుగు రోజులుండి పోతానని ఒక ఇనప్పెట్టెతో కూతురింటికి వచ్చాడు. ఆ నాలుగు రోజులకి ఏడాది నిండింది. పెట్టె మాత్రం విప్పలేదు. కావలసిన చొక్కా పైకి తీసి, మళ్ళీ తాళం వేసి, మంచం కిందకు తోసేస్తాడు. మేస్త్రి బీరువాలో పై అర ఖాళీ చేసి ఇస్తే అందులోకి ఒక తువ్వాలైనా చేరలేదు. "మీ పెట్టెకి రైలు ఎన్నింటికి బావగారూ?" అని మేస్త్రి రోజూ పొద్దున్నే అడుగుతాడు. ఇవాళ ఆలస్యంగా నడుస్తోందట అని కాంపౌండరు రోజూ చెబుతాడు.

ఒక ఒరలో రెండు కత్తులు ఇమడవని కోడలు మొదట్లో భయపడింది. తీరా చూస్తే రెండు కత్తులకీ పదును పోయింది, ఒరే కాస్త వదులుగా ఉంది. మేస్త్రి గురక పెడితే మీ గొంతులో పైపు పూడిపోయింది బావగారూ అంటాడు ఈయన. కాంపౌండరు ఎవరినైనా పలకరిస్తే కరచాలనం చేసినట్టే చేసి నాడి చూసేస్తాడు, అది చూసి మేస్త్రి ఎగతాళి చేస్తాడు. మేస్త్రికి ఊతపదం ఒకటుంది, ఏ వాదనలోనైనా చివరికి నీరు పల్లమెరుగు అని తేల్చేస్తాడు. నిజం దేవుడెరుగు అని కాంపౌండరు సామెతను పూర్తిచేసి దీపం ఆర్పేస్తాడు. కోడలి భర్త, అంటే మేస్త్రి కొడుకు, ఉద్యోగరీత్యా ఊళ్ళు తిరిగే మనిషి. ఈ కథ నడిచినన్నాళ్ళూ ఆయన ఏదో ఊళ్ళోనే ఉన్నాడు, ఆయనకేం, అదృష్టవంతుడు.

కోడలు వీధి చివర చిన్న ఫలహారాల కొట్టు నడుపుతుంది. రొట్టె ముక్కల మధ్య పచ్చి ఆకులు పెట్టి ఇవ్వడం, వేడివేడి సూపులు కాయడం ఆమె వ్యాపారం. ఆ ఆకు పేరు లెట్యూస్. కాంపౌండరు దాన్ని గడ్డి అంటాడు, మేస్త్రి కాగితాలు అంటాడు, ఇద్దరూ నోట పెట్టరు. బజార్లో కొన్న ఆకు కొట్టుకు చేరేలోపే తల వాల్చేస్తోందని, డాబా మీద రేకుల షెడ్డు కింద మనమే పండించుకుందామని ఆమెకు ఆలోచన వచ్చింది. మట్టి అక్కర్లేదట. మొక్కకు కావలసిన లవణాలన్నీ నీళ్ళలో కలిపి వేళ్ళకు అందిస్తే చాలునట. అందించే పద్ధతులు మాత్రం రకరకాలు. ఏది మంచిదో ఒక పంట వేసి చూద్దాం, నెగ్గినదానికి షెడ్డు మొత్తం ఇచ్చేసి మిగతావి పీకేద్దాం అని ఒక సాయంత్రం టీ తాగుతూ అంది. ఏ ఉద్దేశంతో అందో గానీ, రెండు కోతులకు కలిపి ఒక్క కొబ్బరికాయ దొరికినట్టయింది.

మేస్త్రి ఆ రాత్రే పైపుల పద్ధతి అని తేల్చేశాడు. లావుపాటి తెల్ల పైపులకు వరసగా గుండ్రటి చిల్లులు కోసి, ఒక్కో చిల్లులో చిన్న జాలీ కప్పు పెట్టి, అందులో నారు కూర్చోబెట్టాడు. కింద తొట్టిలోంచి మోటారు నీళ్ళు పైకి తోస్తుంది, అవి పైపు అడుగున పలచటి పొరలా పారుతూ వేళ్ళను తడిపి మళ్ళీ తొట్టిలోకే దిగుతాయి. అంతా వాలులో ఉంది. వాలు ఎక్కువైతే నీళ్ళు వేళ్ళను పట్టించుకోకుండా పారిపోతాయి, తక్కువైతే నిలిచి కుళ్ళుతాయి. మేస్త్రి నేలకు చెంప ఆనించి, ఒక కన్ను మూసి ఆ వాలు చూశాడు. పెళ్ళిచూపుల్లో పిల్లను కూడా అంత శ్రద్ధగా చూసి ఉండడు.

కాంపౌండరు ఎన్నుకున్నది డ్రిప్పు. తనకు తెలిసిన మందుల షాపు నుంచి సెలైను గొట్టాలు తెచ్చాడు. షెడ్డు కమ్మీకి బకెట్టు వేలాడదీసి, కొబ్బరిపీచు పొట్టు నింపిన కుండీలకు ఒక్కోదానికి ఒక్కో గొట్టం ఇచ్చాడు. చుక్క పెంచడానికీ తగ్గించడానికీ గొట్టానికో చిన్న చక్రం ఉంటుంది. పొద్దునా సాయంత్రం ఆయన వార్డుకు వచ్చినట్టు వచ్చి, చేతి గడియారం చూస్తూ చుక్కలు లెక్కపెట్టి, చక్రాలు తిప్పి, మొక్కలను కుశలమడిగి వెళ్ళేవాడు. మోటారు లేదు, కరెంటు లేదు. నీరు పల్లమెరుగు అని మీరే అన్నారుగా బావగారూ అని మేస్త్రి సామెతను మేస్త్రి మొహానే కొట్టాడు.

కోడలిది మూడో రకం. ఒక పెద్ద టబ్బు నిండా నీళ్ళు, పైన చిల్లులు పెట్టిన థర్మోకోల్ అట్ట తేలుతూ ఉంటుంది, మొక్కలు దాని మీద కూర్చుని వేళ్ళు నీళ్ళలోకి వదిలేస్తాయి. వేళ్ళకు ఊపిరాడడానికి చేపల తొట్టికి వాడే చిన్న గాలి పంపు పెట్టింది. వియ్యంకులిద్దరూ ఆ టబ్బును పోటీలో మనిషిగా లెక్కవెయ్యలేదు. మొక్కలకు స్నానం చేయిస్తున్నావా అమ్మా అని మేస్త్రి అడిగితే, మీ ఇద్దరి వేడికీ కాస్త చల్లగా ఉంటుందని పెట్టాను మావయ్యా అంది ఆమె.

నారు నాటిన కొత్తలో ఒక సాయంత్రం డాబా మీద గట్టున కూర్చుని కాంపౌండరు నవ్వుతూనే ఒక మాట చెప్పాడు. తనతో ఆసుపత్రిలో పనిచేసిన స్నేహితుడు ఊరి బయట వృద్ధాశ్రమంలో ఉన్నాడు. ఆయన పక్క మంచం ఖాళీ అయింది, నెలాఖరు దాకా ఎవరికీ ఇవ్వకుండా ఉంచుతామన్నారు. "ఊరికే కూర్చుని తినడం నాకు చేతకాదు బావగారూ. ఈ డ్రిప్పు నెగ్గిందా, అమ్మాయి కొట్టుకి ఆకు పండించే మనిషినవుతాను, దర్జాగా ఉంటాను. నెగ్గలేదా, పెట్టె ఎలాగూ కట్టే ఉంది."

అయితే ఇప్పుడే ఆటో పిలవనా అన్నాడు మేస్త్రి. అని నవ్వాడు గానీ ఆ కట్టిన పెట్టె మాట మనసులోంచి పోలేదు. బావగారు రాకముందు ఆ గదిలో తను ఎలా ఉండేవాడో ఆయనకు బాగా జ్ఞాపకం. కొడుకు ఊళ్ళ మీద, కోడలు కొట్లో, తను మంచం మీద. పొద్దుటి నుంచి సాయంత్రం దాకా ఒక్క మాట అనేవాడు లేడు, పడేవాడు లేడు. అందుకే కారని కుళాయిలను కూడా విప్పి బిగిస్తూ ఉండేవాడు. బావగారు వెళ్ళిపోకూడదు. అలాగని తను, ఇంత బతుకు బతికి, సెలైను గొట్టాల చేతిలో ఓడిపోవడమా? ఓడిపోదామనే ఒక పూటంతా అనుకున్నాడు. మర్నాడు పొద్దున్నే లేచి వెళ్ళి పైపు వాలు ఇంకాస్త సరిచేసి వచ్చాడు.

పోటీ చూడ్డానికి ముచ్చటగా సాగింది. పైపుల్లో మొక్కలు ముందు దూకాయి, ఆకులు అరచేతులంత అయ్యాయి. నీళ్ళు తిరిగి తిరిగి అవే వాడడం వల్ల తొట్టి తరగడమే లేదు. డ్రిప్పు మొక్కలు నిదానం. గొట్టాల మూతి దగ్గర ఉప్పు పేరుకుని చుక్క ఆగిపోతుంటే కాంపౌండరు సూదితో పొడిచి దారి చేసేవాడు. కానీ రుచికని తుంచి పెట్టిన ఆ ఆకు కరకరలాడుతోందని కొట్లో తిన్నవాళ్ళు మెచ్చుకున్నారు. టబ్బు మొక్కలు ఎవరినీ ఏమీ అడగకుండా పెరిగాయి. ఒకసారి గాలి గొట్టం ఊడిపోయి నీళ్ళు వేడెక్కి వేళ్ళు గోధుమరంగుకు తిరిగితే మాత్రం కోడలు కంగారు పడింది.

పైపుల పద్ధతికి ప్రాణం మోటారులో ఉంటుంది. అది మేస్త్రికి తెలిసొచ్చింది ఒక మధ్యాహ్నం. ఆయన కళ్ళజోడు బాగుచేయించుకోడానికి బజారు వెళ్ళాడు, ఇక్కడ కరెంటు పోయింది. పలచటి పొర ఆగిపోతే ఆ పైపుల్లో వేళ్ళు ఎండడానికి ఎంతోసేపు పట్టదు. మేస్త్రి పరుగు పరుగున డాబా ఎక్కేసరికి కాంపౌండరు తలకు తువ్వాలు చుట్టుకుని, చెంబుతో తొట్టిలో నీళ్ళు ముంచి, ఒక్కో పైపు మొదట్లో పోసుకుంటూ నడుస్తున్నాడు. ఎప్పటినుంచి పోస్తున్నాడో, చొక్కా వీపుకు అతుక్కుపోయింది. మీ పేషెంట్లని వరండాలో వదిలేసి షికారు వెళతారా బావగారూ అని ఒక్క చురక వేసి, చెంబు ఈయన చేతిలో పెట్టి, నడుం పట్టుకుని గట్టున కూర్చున్నాడు. మేస్త్రికి కృతజ్ఞత చెప్పడం అలవాటు లేదు. ఆ సాయంత్రం మంచాలు మార్చేసి, ఫ్యాను కింద మంచం బావగారికిచ్చాడు. ఫ్యాను చప్పుడు తనకు పడదని చెప్పాడు. ఏ చప్పుడైనా పడే మనిషని కాంపౌండరుకు తెలియదా, తెలుసు. వెళ్ళి ఫ్యాను కింద పడుకున్నాడు.

పంట కొయ్యడానికి ఇంకా కొద్ది రోజులుందనగా స్నేహితుడు ఆశ్రమం నుంచి కబురు పెట్టాడు, ఒకసారి వచ్చి చూసైనా పొమ్మని. కాంపౌండరు మూడు రోజులుండి వస్తానని ఒక సంచీతో బయల్దేరాడు. పెట్టె తీసుకెళ్ళలేదని మేస్త్రి ముందుగా మంచం కింద వంగి చూసి గానీ ఊపిరి పీల్చలేదు. వెళుతూ వెళుతూ ఆయన తన వార్డును వియ్యంకుడికి అప్పగించాడు. "బకెట్టు తరిగితే నింపండి, అంతే. ఇంకేం ముట్టుకోకండి బావగారూ, మీకు పుణ్యముంటుంది." నేనెందుకు ముట్టుకుంటాను అన్నాడు మేస్త్రి, మనస్ఫూర్తిగానే అన్నాడు.

ఆ పొద్దున ఆయన డాబా ఎక్కి, బకెట్టు నింపి, తన పైపులు చూసుకుంటుండగా ఫోను మోగింది. పాత ఖాతాదారు. స్నానాల గదిలో పైపులు కారిపోతున్నాయని గోల. మేస్త్రికి ప్రాణం లేచొచ్చింది, తనను అడిగినవాళ్ళుండి ఎన్నాళ్ళయిందో. ఫోను చెవికీ భుజానికీ మధ్య ఇరికించుకుని అటూ ఇటూ తిరుగుతూ చెప్పసాగాడు. ముందు పైన వాల్వు కట్టెయ్యండి అన్నాడు. ఇంకా కారుతోందా, పక్కది కూడా కట్టెయ్యండి, గట్టిగా తిప్పండి, మొహమాటపడకండి అన్నాడు. అప్పటికీ చెమ్మ వస్తుంటే టేపు చుట్టమన్నాడు. అవతలివాడు విన్నాడో లేదో మనకు తెలియదు. ఇవతల మాత్రం మేస్త్రి చేతులు ఆయన మాట జవదాటలేదు. కుండీ తరవాత కుండీ, చక్రం తరవాత చక్రం, టప్పు టప్పు మంటున్నవన్నీ ఒక్కొక్కటే బిగుసుకున్నాయి. అరిగిపోయి ఇంకా చెమరుస్తున్న నాలుగైదింటి మూతులకు జేబులోంచి టేపు వచ్చి చుట్టుకుంది. మాటలయ్యాయి, ఫోను పెట్టేశాడు. డాబా అంతా ప్రశాంతంగా ఉంది. ఎందుకో తెలియదు గానీ మనసు తేలికైనట్టనిపించి, ఆ పూట రెండో టీ కూడా తాగాడు.

సాయంత్రం వెళ్ళి చూస్తే బకెట్టు నిండుగా ఉంది. మర్నాడూ నిండుగానే ఉంది. డ్రిప్పు ఇంత పొదుపా అని మేస్త్రి తనలో తను ఒప్పుకున్నాడు, ఈ మాట బావగారితో అనకూడదని కూడా అనుకున్నాడు. ఆకులు కాస్త వాడినట్టున్నాయి గానీ ఎండకు అన్నీ వాడతాయి. కొబ్బరిపీచు తనలో ఉన్న తడినంతా చివరి బొట్టుదాకా మొక్కలకిచ్చి, ఆ మర్నాటికి చేతులెత్తేసింది.

కాంపౌండరు రావలసిన పొద్దున మేస్త్రి పైకెళ్ళి చూస్తే వార్డు వార్డంతా పడిపోయి ఉంది. ఆకులు కుండీల అంచుల మీద తడిగుడ్డల్లా వేలాడుతున్నాయి. ఒక గొట్టం పట్టుకుని చూస్తే చక్రం బిగుసుకుని ఉంది. పక్కదీ అంతే. ఆ పక్కదాని మూతికి తెల్ల టేపు. టేపు చివర చిన్న చెవిలా మడత. విప్పేటప్పుడు గోరుకు అందాలని అలా మడత పెట్టడం ఆయన గురువు నేర్పాడు, లోకంలో ఇంకెవరికీ ఆ ఓపిక లేదు. మేస్త్రి ఆ మడతను చూసి అక్కడే చతికిలబడ్డాడు. అప్పుడు ఫోను గుర్తొచ్చింది, గట్టిగా తిప్పండి అన్న తన గొంతు గుర్తొచ్చింది.

చక్రాలన్నీ వదిలాడు. టేపులు పీకి ఉండచేసి జేబులో కుక్కుకున్నాడు. చెంబుతో నీళ్ళు పోశాడు, ఆకుల మీద చిలకరించాడు, దేవుళ్ళకు దణ్ణం పెట్టాడు. కొన్ని తల ఎత్తేలా ఉన్నాయి గానీ సగానికి పైగా పనైపోయింది. ఇంతలో మెట్ల మీద చెప్పుల చప్పుడు.

కాంపౌండరు కుండీల ముందు చాలాసేపు నిలబడ్డాడు. ఒక్కో మొక్క దగ్గరికీ వెళ్ళి ఆకు కింద వేలు పెట్టి ఎత్తి వదిలాడు. మేస్త్రి తేలు కుట్టిన దొంగలా ఒక పక్కన నిలబడ్డాడు. డ్రిప్పు అంటే ఇంతే బావగారూ, ఉప్పు పేరుకుని మూతులు మూసుకుపోయి ఉంటాయి, మీ పైపులే గొప్ప అన్నాడు కాంపౌండరు. ఎగతాళి చెయ్యలేదు. నీరు పల్లమెరుగు అనాల్సిన చోట మేస్త్రి జేబులో టేపు ఉండను నొక్కిపట్టుకున్నాడు. ఆశ్రమంలో మంచం కిటికీ పక్కనే వచ్చిందట, గాలి బాగా వస్తుందట. రేపు పొద్దున్న ఆటోకి చెప్పేశానన్నాడు.

ఆ పూటంతా మేస్త్రి కాలుగాలిన పిల్లిలా తిరిగాడు. చెబితే బావగారు ఏమంటాడోనన్న భయం కన్నా, ఇన్నేళ్ళలో ఒక్క పనీ చెడగొట్టలేదని చెప్పుకు తిరిగిన నోటితో ఈ మాట ఎలా అనడమా అన్నది పెద్ద గండం. చెప్పకపోతే మాత్రం పై అర ఖాళీగానే మిగిలిపోతుంది, ఎదుటి మంచం కూడా.

తెల్లారింది. పెట్టె గుమ్మం దగ్గరికి వచ్చింది. కోడలు కొట్టు తెరవకుండా ఇంట్లోనే ఉండి, తండ్రితో వాదించి వాదించి అలిసిపోయి, భోజనాల బల్ల మీద మూడు కప్పుల టీ పెట్టింది. మేస్త్రి జేబులోంచి టేపు ఉండ తీసి కప్పుల మధ్య పెట్టాడు.

"మీ మొక్కల్ని చంపింది ఉప్పు కాదు బావగారూ. నేను. ఫోన్లో మాట్లాడుతూ చక్రాలన్నీ కట్టేశాను. కట్టేసినట్టు నాకే తెలీదు."

కాంపౌండరు ఆశ్చర్యపోలేదు. తన చొక్కా జేబులోంచి ఒక చిన్న టేపు ముక్క తీసి ఆ ఉండ పక్కన పెట్టాడు. దానికీ చెవి మడత ఉంది. నిన్న కుండీ కింద పళ్ళెంలో దొరికిందన్నాడు.

"తెలిసి ఊరుకున్నారా?" అన్నాడు మేస్త్రి.

"ఏమనాలి మరి? గది ఇరుకు. నాకు దగ్గు. ఏడాదిగా మీకు ఇబ్బందే. నోటితో చెప్పలేక చేత్తో చెప్పారనుకున్నాను. చెప్పినా ఏమీ అనుకునేవాణ్ణి కాదు బావగారూ, ఎప్పుడో వెళ్ళిపోయేవాణ్ణి."

మేస్త్రికి ఎక్కడో తగలకూడని చోట తగిలింది. మొక్కలు పోయాయని కాదన్నమాట ఈ ప్రయాణం. ఆయన ఏదో అనబోయాడు. కోడలు అందుకుంది. మావయ్య చేతుల సంగతి నీకు తెలియదా నాన్నా, మా కొట్లో కాఫీ మిషను బొట్టు బొట్టుగా దించుతుంటే దాన్ని కూడా కట్టేశారు, ఒక పూటంతా ఎవరికీ కాఫీ లేదు అని చెప్పింది. కాంపౌండరు తల అడ్డంగా ఊపాడు. సర్వీసంతా రోగులు చెప్పింది నమ్మలేదమ్మా, పరీక్ష చేసి చూసిందే నమ్మాను అన్నాడు.

అని లేచాడు. లోపలికెళ్ళి ఒక సెలైను గొట్టం, నీళ్ళ సీసా తెచ్చాడు. మేస్త్రి కుర్చీ పక్కన కిటికీ గడియకు సీసా తగిలించి, కింద ఒక స్టీలు గిన్నె పెట్టి, చక్రం కొంచెం వదిలి, వచ్చి తన కుర్చీలో కూర్చున్నాడు. అదేమిటని అడిగే స్థితిలో మేస్త్రి లేడు, ఆయన చూపంతా గుమ్మం దగ్గరి పెట్టె మీద ఉంది.

"ఇప్పుడు చెప్పండి," అన్నాడు కాంపౌండరు. "నేనెందుకు ఉండాలి?"

"ఎందుకుండాలా?" మేస్త్రికి కోపం వచ్చింది, కోపంతో పాటే మాటా వచ్చింది. "నా పైపులకి కరెంటు పోతే ఎవరు పోస్తారు నీళ్ళు? ఆ వేళ మీరు లేకపోతే నా మొక్కలన్నీ ఆ పూటకే అయిపోయేవి. ఏ పద్ధతైనా కనిపెట్టుకునుండే మనిషి లేకపోతే గంగలో కలిసినట్టే. అయినా మొక్కల గొడవెందుకు. మీరు రాకముందు ఆ గదిలో నేను గోడలతో మాట్లాడేవాణ్ణి బావగారూ. పొద్దున్న లేస్తే ఎవరినేమనాలో తెలిసేది కాదు. ఇప్పుడు లేవగానే మీ పెట్టెని ఒక మాట అంటాను, మీరొక మాట అంటారు, నాకు ఆ రోజు మొదలవుతుంది. మీ దగ్గు వినపడకపోతే నాకు నిద్ర పట్టదు. మీరు లేని మూడు రాత్రులూ పట్టలేదు. మిమ్మల్ని పొమ్మనడానికి నేను మొక్కల్ని చంపుతానా? మీరు వెళితే నేనే ..."

గదిలో చప్పుడు లేదు. కోడలు కొంగుతో నోరు మూసుకుంది, నవ్వో ఏడుపో తెలియలేదు. కాంపౌండరు మేస్త్రి మొహం వైపు చూడ్డం లేదు. ఆయన చూపు ఎక్కడుందో అటు మేస్త్రి కూడా చూశాడు.

గిన్నెలో చుక్కలు ఎప్పుడో ఆగిపోయాయి. తన కుడిచెయ్యి సెలైను చక్రాన్ని బిగించి పట్టుకుని ఉంది. ఎడమచెయ్యి జేబులో టేపు కోసం వెతుకుతోంది.

కాంపౌండరు లేచి వచ్చి ఆ కుడిచేతిని చక్రం మీంచి వేలు తరవాత వేలు విడదీశాడు. మణికట్టు పట్టుకుని కాసేపు నాడి చూశాడు. చూసినంతసేపూ ఆయన కళ్ళు తడిగానే ఉన్నాయి.

"పుట్టుకతో వచ్చిన బుద్ధి," అన్నాడు చివరికి. "బాగా ముదిరిపోయింది బావగారూ. ఇలాంటి రోగిని ఒంటరిగా వదలకూడదు. పక్కన ఒక మనిషి ఉండి చేతులు కనిపెట్టుకుని ఉండాలి."

"ఎన్నాళ్ళు?" అన్నాడు మేస్త్రి.

"నయమయ్యే జబ్బు కాదు." కాంపౌండరు మొలతాడుకున్న తాళంచెవి విప్పి కూతురి చేతిలో పెట్టాడు. "పెట్టె లోపల పెట్టమ్మా. బీరువాలో నా అర ఏదన్నారు బావగారూ?"

"పైది," అన్నాడు మేస్త్రి. "ఏడాదిగా తుడిచి పెడుతూనే ఉన్నాను."